పొలం అమ్మిన అరవై లక్షలతో సినిమా: బరంపురం పాఠకుడికి జవాబు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పదేళ్ళుగా బరంపురంలో పట్టుచీరల కొట్టు నడుపుతున్నాను. వయసు 34. నాన్నగారి పొలం అమ్మితే నా వాటాకి 60 లక్షలు వచ్చాయి. హైదరాబాద్ వెళ్ళి నిర్మాత కావాలని కోరిక. కథ ఉంది: మన గజపతి కొండల్లో ఒక కుర్రాడు, వాడి ఎద్దు. అక్కడ పరిచయమైన ఒక దర్శకుడు ‘కోటిన్నరలో అయిపోతుందండీ, మీరు 60 పెట్టండి, మిగతా 90 ఫైనాన్స్ తెద్దాం, ఓటీటీకి అమ్మగానే తీర్చేద్దాం’ అంటున్నాడు. అమెరికా వలసపోయి, చేతిలో పైసా లేకుండా పెద్ద నిర్మాతలైనవాళ్ళ జీవితాలు చాలా చదివాను. వాళ్ళకి అయింది నాకెందుకు కాదు? మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. ఏం చెయ్యమంటారు?
(పేరు వద్దన్న పాఠకుడు, బరంపురం)

జవాబు: మీరు చదివిన ఆ జీవితాలే ఇంకోసారి చదవండి. ఈసారి స్టూడియో కట్టిన అధ్యాయం వదిలేసి, మొదటి పదిహేను ఇరవై ఏళ్ళు మాత్రమే చదవండి.

యూనివర్సల్ స్టూడియో స్థాపించిన కార్ల్ లామ్లీ 1884లో, పదిహేడేళ్ళ వయసులో జర్మనీ నుంచి అమెరికా చేరాడు. సినిమా మొహం చూసింది 1906లో. ఆ మధ్య కాలమంతా చిన్నాచితకా కొలువులు, చివరికి ఒక బట్టల కొట్టులో మేనేజరు పని. అంటే మీ వృత్తే. 1906లో చికాగోలో ఒక చిన్న సినిమా హాలు పెట్టాడు. హాలుకి బొమ్మలు సరిగా అందకపోతే తనే ప్రింట్లు అద్దెకిచ్చే వ్యాపారం మొదలెట్టాడు. ఆ సరుకు మీద గుత్తాధిపత్యం చేస్తున్న కంపెనీల కూటమితో పేచీ వచ్చాక, 1909లో, సొంతంగా తియ్యడానికి దిగాడు. యూనివర్సల్ పుట్టింది 1912లో. అంటే సినిమా తియ్యడం ఆయనకి మూడో మెట్టు. మొదటిది టికెట్లు అమ్మడం, రెండోది సరుకు పంచడం.

మిగతావాళ్ళదీ దాదాపు ఇదే దారి. ఎడాల్ఫ్ జుకర్ హంగరీ నుంచి వెళ్ళి బొచ్చుకోట్ల వ్యాపారం చేసి, ఆ తర్వాత ప్రదర్శనశాలల్లోకి వచ్చాడు. లూయిస్ బి. మేయర్‌ది పాత ఇనప సామాను వ్యాపారం. 1907లో మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊళ్ళో పాడుబడిన నాటకశాల తీసుకున్నాడు. 1915లో ఒక పెద్ద సినిమాకి న్యూ ఇంగ్లండ్ ఏరియా పంపిణీ హక్కు కొని, ఆ లాభంతో పైకొచ్చాడు. మనవాళ్ళలో చూడండి. ఎల్.వి. ప్రసాద్ గారు ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి 1930 ప్రాంతంలో బొంబాయి వెళ్ళారు. స్టూడియోలో చిల్లర పనులు చేశారు, సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపారు, హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ చిన్న వేషాలు వేశారు. ప్రసాద్ ప్రొడక్షన్స్ పెట్టింది 1956లో. పాతికేళ్ళు!

చేతిలో పైసా లేకుండా వెళ్ళారన్నది నిజమే. కానీ ప్రేక్షకుడి జేబులోంచి రూపాయి ఎలా బయటికొస్తుందో, ఎన్ని చేతులు మారి ఎంత మిగులుతుందో తెలిశాకే వాళ్ళు నిర్మాతలయ్యారు. మీ పరిస్థితి దానికి తిరగేసి ఉంది. డబ్బు ఉంది, ఆ లెక్క తెలియదు. కాబట్టి ముందు లెక్కే చూద్దాం.

టికెట్ 100 రూపాయలనుకోండి. వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. అది తీస్తే 95 రూపాయల 24 పైసలు, దీన్నే నెట్ అంటారు. హాలువాడికి సగం పోతుందనుకుంటే మిగిలేది 47.62, ఇది షేర్. అందులో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 15 శాతం వేసుకోండి. మీకొచ్చేది 40 రూపాయల చిల్లర. పోస్టర్లు, ఆన్‌లైన్ ప్రచారం, డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి కట్టే ఛార్జీలు ఇంకా తియ్యలేదు. పేపర్లో ‘గ్రాస్ ఇన్ని కోట్లు’ అని వేస్తారే, అది చీర మీద అంటించిన ఎమ్మార్పీ లాంటిది. గల్లాపెట్టెలో పడేది వేరని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ దర్శకుడి కోటిన్నర. అప్పు 90 లక్షలకి సినిమా ఫైనాన్షియర్ నూటికి రెండు రూపాయల వడ్డీకిచ్చినా (చిన్న నిర్మాతని మూడు అడిగితే ఆశ్చర్యపోకండి) నెలకి 1 లక్షా 80 వేలు. మొదటి షెడ్యూలు నుంచి అమ్మకం డబ్బు చేతికొచ్చేదాకా 18 నెలలు పట్టిందంటే వడ్డీయే 32 లక్షల 40 వేలు. మొత్తం కోటీ 82 లక్షలు. టికెట్‌కి ఆ 40 రూపాయల చిల్లర చొప్పున అది వెనక్కి రావాలంటే నాలుగున్నర లక్షల టికెట్లు తెగాలి. నాలుగొందల సీట్ల హాల్లో రోజుకి నాలుగాటలూ నిండితే 1,600 టికెట్లు. అలాంటి హౌస్‌ఫుల్ రోజులు 281 కావాలి, అన్ని హాళ్ళూ కలిపి. పేరున్న మొహం ఒక్కటీ లేని సినిమాకి!

‘హాళ్ళెందుకు, ఓటీటీ ఉందిగా’ అంటాడు. కొత్తవాళ్ళ సినిమాకి ముందుగా ఒకేసారి డబ్బిచ్చి కొనే రోజులు దాదాపు పోయాయి. చాలామందికి దొరికేది చూసినంత మేరకు వాటా ఇచ్చే ఒప్పందం. దాన్ని నమ్ముకుని నెలకి రెండు లక్షల వడ్డీ ఎత్తుకోకూడదు. పైగా అప్పున్న సినిమా విడుదల మీ చేతిలో ఉండదు. పూర్వం ల్యాబులో నెగెటివ్ మీద ఫైనాన్షియర్ పట్టు ఉండేది, ఇప్పుడది డిజిటల్ తాళం మీదికి మారింది. సినిమా ఫైలు హాళ్ళకి ముందే చేరిపోతుంది గానీ, దాన్ని తెరిచే కీ వేరుగా వస్తుంది. ఫైనాన్షియర్ క్లియరెన్స్ లెటర్ ఇవ్వకపోతే ఆ కీ రాదు. గురువారం రాత్రి మూడింటికి బేరాలు, శుక్రవారం ఉదయం ఆట రద్దు అని మీరు వినే వార్తల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. ఆ వేళ మీరు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు, పెట్టకుండా ఉండలేరు.

అందుకని ఆ కోటిన్నర ప్రతిపాదనకి ఒద్దని చెప్పెయ్యండి. నిర్మాత కావద్దని అనడం లేదు.

మొదటి ఏడాది మీరు బరంపురం వదలక్కర్లేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు సినిమా ఎప్పటినుంచో ఆడుతోంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే ముందు గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. అక్కడ తెలుగు బొమ్మ చూసే జనం ఎవరో, ఏ పేటలో ఉంటారో, పండగకి ఎప్పుడు కొంటారో కొట్టు మీద కూర్చున్న మీకు తెలిసినంత హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఎవరికీ తెలియదు. మీ అసలు పెట్టుబడి అది.

చెయ్యాల్సింది ఇది. ముందు ఒక నెల, తెలిసిన డిస్ట్రిబ్యూటర్ తరఫున ఏదో ఒక హాల్లో రిప్రజెంటేటివ్‌గా నిలబడండి. ఆట ఆటకీ తెగిన టికెట్లు లెక్కపెట్టి, డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ కాగితం, రాయించుకుని సంతకం తీసుకోవడం ఆ పని. జీతం పెద్దగా ఉండదు. కానీ ఎక్కడ చిల్లులు పడతాయో కళ్ళారా తెలుస్తుంది: ఆన్‌లైన్లో అమ్మినవీ కౌంటర్లో అమ్మినవీ రెండు లెక్కలుగా ఉండటం, రెండో ఆట తర్వాత కాగితం మర్నాటికి వాయిదా పడటం, పాసుల పేరుతో నిండే వరసలు. మొదటి ఆటకి వచ్చినవాళ్ళు ఇంటర్వెల్లో టీ తాగుతూ ఏం మాట్లాడుకుంటున్నారో కూడా వినండి. ఏ రివ్యూకన్నా అది ముందు వచ్చే ఫలితం.

తర్వాత మూడు నాలుగు చిన్న సినిమాలకి ఈ జిల్లాల వరకు పంపిణీ తీసుకోండి. నాలుగు రకాల బేరాలుంటాయి. కమీషన్ మీద తీసుకుంటే మీ డబ్బు పెట్టక్కర్లేదు, వచ్చిన షేర్‌లో మీ శాతం మీది, తక్కినది నిర్మాతది. అడ్వాన్సు మీద తీసుకుంటే కొంత ముందిస్తారు, అంత రాకపోతే తేడా నిర్మాత తిరిగివ్వాలి. ‘ఇవ్వాలి’ అన్న మాట కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, నష్టపోయిన నిర్మాత దగ్గర వసూలు చేసుకోవడం మీ ఉద్దెర ఖాతాల కన్నా కష్టం. ఎన్.ఆర్.ఎ. అంటే తిరిగి రాని అడ్వాన్సు: నష్టం వస్తే మీది, లాభం వస్తే మీరు పెట్టిన డబ్బూ మీ కమీషనూ పోను పైన వచ్చినదాంట్లో నిర్మాతకీ వాటా. ఔట్‌రైట్ అంటే ఏరియా మొత్తం కొనేసుకోవడం. మీరు కమీషన్‌తో మొదలెట్టి, మూడో సినిమాకి చిన్న ఎన్.ఆర్.ఎ. దాకా వెళ్ళండి. దీనంతటికీ 6 లక్షలు దాటనివ్వకండి. పోయినా అది చదువు ఖర్చు.

హాలు బేరం మీద ఒక మాట. వారానికి ఇంత అద్దె అని మాట్లాడుకుంటే, హాలు ఖాళీగా ఉన్నా అద్దె కట్టాలి, ఆ లోటు మీది. పర్సెంటేజీ అయితే లోటు ఇద్దరూ పంచుకుంటారు. 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి వద్దు, పర్సెంటేజీయే కావాలని హాళ్ళు మూసేస్తామనే దాకా వెళ్ళింది కూడా ఈ లోటు ఎవరు మొయ్యాలన్న దాని మీదే. చిన్న సినిమాకి పర్సెంటేజీయే మేలు, మొదటి వారం శాతం కాస్త తగ్గినా సరే. ఇంకోటి, ఒప్పందంలో మీ జిల్లాల పేర్లు రాయించుకోండి. ‘ఆంధ్ర, తెలంగాణ’ అని ఉంటే మనం అందులో లేము. అదే సినిమాని ఇతర రాష్ట్రాల హక్కుల కింద ఇంకొకరికి అమ్మి ఉండొచ్చు, ఇచ్ఛాపురం దాటగానే గొడవ.

ఇంత అయ్యాక కూడా కోరిక అలాగే ఉంటే, అప్పుడు సినిమా. 60లో పంపిణీకి పోయిన 6 తీస్తే 54. ఫస్ట్ కాపీకి, అంటే సినిమా విడుదలకి సిద్ధమయ్యేదాకా అయ్యే ఖర్చుకి, 30, విడుదలకీ ప్రచారానికీ 8, అనుకోని ఖర్చుకి 4. మిగిలిన 12 బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, దాని రసీదు సినిమావాళ్ళ కంట పడకూడదు. 42 లక్షలు తిరిగి రావడానికి లక్షా నాలుగు వేల టికెట్లు చాలు. సులువు కాదు, కానీ మీ జిల్లాలూ ఉత్తరాంధ్రా కలిస్తే ఊహకందే సంఖ్య. ఒడియా డబ్బింగు హక్కు అదనం. గంజాం నుంచి లక్షల మంది సూరత్ మగ్గాల మీద పనిచేస్తున్నారు, ఎద్దు వెనక తిరిగిన కుర్రాడి కథ వాళ్ళ ఇళ్ళ కథే. ఈ సరుకు ఎవరికి అమ్మాలో మీకే ముందు తోచాలి.

ఇస్మాయిల్ మర్చంట్ దిట్ట అయింది ఇలాంటి చోటే. బొంబాయి నుంచి న్యూయార్క్ వెళ్ళి బిజినెస్ చదువు చదివిన మనిషి. హాలీవుడ్ కంపెనీలు ఇండియాలో సంపాదించిన రూపాయలు అప్పటి నిబంధనల వల్ల దేశం దాటలేక ఇక్కడే ఇరుక్కుపోయాయని గమనించాడు. దర్శకుడు జేమ్స్ ఐవరీతో కలిసి 1961లో కంపెనీ పెట్టి, ఆ ఇరుక్కున్న డబ్బుని ఇండియాలో తీసిన సినిమాలకి మళ్ళించాడు. రచయిత్రి రూత్ జాబ్‌వాలా కూడా వలస మనిషే. ముగ్గురూ నలభై ఏళ్ళు కలిసి పనిచేశారు. మర్చంట్ యూనిట్‌కి స్వయంగా వండిపెట్టేవాడని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ముచ్చటే, కానీ కడుపు నిండిన యూనిట్ తక్కువ డబ్బుకి ఎక్కువ గంటలు పనిచేస్తుందన్నది అందులో ఉన్న లెక్క.

ఫస్ట్ కాపీ 30 లక్షల్లో ఎలా? మీ ఊళ్ళోనే తియ్యాలి, 22 రోజుల్లో, 30 మంది యూనిట్‌తో. భోజనాలు, టీలు మనిషికి 400 చొప్పున రోజుకి 12,000. గదికి 1,200 చొప్పున 12 గదులు, 14,400. నాలుగు బళ్ళు డీజిల్‌తో 12,000. జనరేటర్ వ్యాన్ 8,000. కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె 25,000. మొత్తం రోజుకి 71,400, 22 రోజులకి 15 లక్షల 70 వేలు. మిగిలిన 14 లక్షల చిల్లరలో నటులు, టెక్నీషియన్లు, ఎడిటింగ్, డబ్బింగ్, సంగీతం, కలర్ కరెక్షన్, మిక్సింగ్ అన్నీ సర్దాలి. కొత్తవాళ్ళతో తప్ప సాగదు. రేట్లు సీజన్ని బట్టి మారతాయి, అంకెలు మీరే అడిగి మార్చుకోండి, వరస మాత్రం ఇదే. ఈ వరస రాసుకుంటే ఒక సంగతి కనబడుతుంది: పారితోషికాల దగ్గర వెయ్యి తగ్గించడం కన్నా ఒక్క రోజు తగ్గించడం లాభం. స్క్రిప్టు పక్కాగా లేకపోతే మొదట పోయేవి రోజులే. దర్శకుడు సీను సీనుకీ షాట్లు రాసిన కాగితం మీ చేతిలో పెట్టేదాకా అడ్వాన్సులు ఇవ్వకండి.

అక్టోబరులో ఔట్‌డోర్ పెట్టకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ఊడ్చేసింది. రోజుకి 71 వేల చొప్పున నాలుగు రోజులు గదుల్లో కూర్చుంటే మీ ‘అనుకోని ఖర్చు’లో మూడు లక్షలు అక్కడే ఆరిపోతాయి. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి వరకూ మంచిది. మీ గజపతి కొండల్లోని మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. చలికాలం పొద్దున్న పొగమంచు అందంగా ఉంటుంది గానీ, వెలుతురు ఆలస్యంగా వస్తుంది, సాయంత్రం తొందరగా పోతుంది. పైన రోజుకి ఆరు గంటలకి మించి వెలుతురు లెక్క వేసుకోకండి. 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు కూడా, అటవీశాఖ అనుమతి లేకుండా జనరేటర్ ఎక్కించాలని చూడకండి. సముద్రం సీను రుషికుల్య ముఖద్వారం దగ్గర అనుకుంటే ఫిబ్రవరి, మార్చి వదిలెయ్యండి, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, రాత్రి లైట్లు వెయ్యనివ్వరు. గోపాల్‌పూర్‌లో తీసుకోండి. అనుమతులకి ఒడిశా ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌తో మొదలెట్టండి. 2019 ఫిల్మ్ పాలసీ కింద ప్రోత్సాహకాలకీ వాళ్ళనే అడగాలి. అయితే సబ్సిడీని బడ్జెట్‌లో ఆదాయంగా రాసుకోవద్దు. అది ఖర్చయ్యాక, బిల్లులు చూపాక వచ్చే డబ్బు, వస్తే.

మీ కథలో పిల్లాడూ ఎద్దూ ఉన్నారు. అసలు చిక్కు వాళ్ళతోనే. ఎద్దుతో షూటింగ్ చెయ్యడానికి జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. బోర్డు కార్యాలయం హర్యానాలోని బల్లబ్‌గఢ్‌లో ఉంది. సీను వివరం, పశువైద్యుడి సర్టిఫికెట్ అన్నీ పంపాలి. తీసేశాక అడుగుదామనుకుంటే సెన్సారులో సినిమా ఆగుతుంది, ఎద్దున్న సీన్లు కొయ్యమంటారు. మీ సినిమాలో ఎద్దుని కోసేస్తే ఇంకేం మిగుల్తుంది? దారిన పోయే ఆవులు ఫ్రేములో పడ్డా ప్రశ్న రావొచ్చు, కెమెరామన్‌కి ముందే చెప్పండి. పిల్లాడి విషయంలో జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. రోజుకి ఐదు గంటలకి మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకి మించి పనిచేయించకూడదు. వాడి పారితోషికంలో కనీసం 20 శాతం వాడి పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. రోజుకి ఐదే గంటలంటే ఇందాకటి 22 రోజుల లెక్క కూడా కదులుతుంది. పిల్లాడు లేని సీన్లు అదే రోజు మధ్యాహ్నం తీసేలా షెడ్యూలు వెయ్యకపోతే 22 కాస్తా 30 అవుతుంది.

తాతగారు చుట్ట కాల్చే సీను పెడితే మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా పొగాకు హెచ్చరికలు, సీను కింద అక్షరాలు తప్పవు. చుట్ట తీసెయ్యండి, పోయేదేం లేదు. సెన్సారు దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్లోనే. బరంపురానికి దగ్గరది కటక్ కార్యాలయమే అయినా తెలుగు సినిమాకి హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయమే నయం. 2024 నుంచి యూ, ఏ మధ్యలో యూఏ 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. విడుదల తేదీ ప్రకటించేసి సెన్సారుకి వెళ్ళకండి, సర్టిఫికెట్ చేతికొచ్చాకే పోస్టరు మీద తేదీ.

ఇక కాగితాలు. పొలం అమ్మినప్పుడు కొన్నవాడు లింకు డాక్యుమెంట్లు అడిగాడు కదా? సినిమా కొనేవాడూ అవే అడుగుతాడు. కథ ఎవరిది, మాటలు ఎవరివి, పాట ఎవరిది, ఒక్కొక్కరి దగ్గర్నుంచి హక్కు మీకు ఎలా వచ్చింది. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి కర్త నిర్మాతే, కానీ కథ, సంభాషణలు రాసినవాళ్ళవి. రాతపూర్వకంగా, సంతకంతో మీకు బదిలీ కావాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళే అనుకుంటుంది. ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరేలా రాసుకోనంత వరకు, అది రద్దయిపోతుంది. ఐదేళ్ళ తర్వాత ఎవరో హిందీ రీమేక్ అడిగితే హక్కు మీ దగ్గర లేదని అప్పుడు తెలిసిన నిర్మాతలున్నారు. ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, ఏడాది నిబంధన వర్తించదు’ అని లాయరుతో రాయించండి. పాటల విషయంలో మాత్రం, 2012 సవరణ తర్వాత రచయిత, సంగీత దర్శకుల రాయల్టీ వాటా పూర్తిగా రాయించేసుకోవడం కుదరదు. టైటిల్‌కి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, అందుకని బ్యానర్నీ టైటిల్నీ ఫిల్మ్ ఛాంబర్‌లో నమోదు చెయ్యడమే రక్ష. పోస్టరు వేశాక కాదు, పేరు అనుకున్న వారమే.

దర్శకుడు ‘కంపెనీ నా పేరు మీద పెడదాం, మీరు సమర్పకులుగా ఉండండి’ అన్నాడేమో తెలీదు, ఇంకా అనకపోతే అంటాడు. శామ్యూల్ గోల్డ్‌విన్ సంగతి గుర్తు చేసుకోండి. వార్సా నుంచి వచ్చి చేతి తొడుగులు అమ్మిన మనిషి, సినిమా కంపెనీ పెట్టి, ఆ కంపెనీ పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. 1922లో ఆ కంపెనీ నుంచే ఆయన్ని బయటికి పంపారు. 1924లో అది మరో రెండింటితో కలిసి ఎం.జి.ఎం. అనే పెద్ద స్టూడియో అయింది. మధ్యలో ఉన్న ‘జి’ ఆయన పేరే, కానీ అందులో ఆయనకి కాణీ వాటా లేదు. పోస్టరు మీద పేరు ఎంత పెద్దగా ఉందన్నది అనవసరం, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఎవరున్నారో చూసుకోండి. ఎల్.ఎల్.పి. (అప్పు బాధ్యత పెట్టుబడికే పరిమితమైన భాగస్వామ్యం) గానీ ప్రైవేట్ లిమిటెడ్ గానీ పెట్టండి, సొంత పేరు మీద వద్దు. కొట్టు జీఎస్టీ నంబరులో సినిమా లెక్కలు కలపొద్దు. సినిమా అప్పు చీరల సరుకు మీదికి రాకుండా ఉండే గోడ అదొక్కటే. దర్శకుడికి డబ్బు విడతలుగా: స్క్రిప్టుకి కొంత, షూటింగ్ ముగిసినప్పుడు కొంత, సెన్సారు అయ్యాక చివరిది. టీడీఎస్ పట్టుకునే ఇవ్వండి. నగదుగా ఒక మనిషికి రోజుకి 10,000 దాటితే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదు.

హైదరాబాద్ నుంచి కార్మికుల్ని తెస్తే వాళ్ళ యూనియన్ల ఫెడరేషన్ నిబంధనలు, ప్రయాణపు రోజుల బత్తాలు ఉంటాయి. 2025 ఆగస్టులో వేతనాల మీద సమ్మెతో రెండు వారాలకి పైగా తెలుగు షూటింగులు ఆగిపోయాయి. అలాంటివి పేపర్లో చూస్తూ ఉండండి.

సౌండ్ గురించి మీకెవరూ చెప్పరు, కొత్త నిర్మాతలు దెబ్బతినేది ఎక్కువగా అక్కడ. మిక్సింగ్ స్టూడియో నుంచి ఫైనల్ ఒక్కటే తెచ్చుకుంటారు. తర్వాత ఒడియాకో హిందీకో డబ్బింగ్ అడిగితే మాటలు లేని సంగీతం, శబ్దాల ట్రాక్ విడిగా కావాలి. అది లేకపోతే అడుగుల చప్పుడు, ఎద్దు మెడలో గంట దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ చెయ్యాలి, ఖర్చు మళ్ళీ మొదటికి. ఆ ట్రాకూ, తెర మీద అక్షరాలు లేని ప్రతీ, 5.1 (హాల్లో చుట్టూ వినబడే సౌండ్) మిక్సూ ఇవ్వాలని స్టూడియో ఒప్పందంలోనే రాయించి, చివరి విడత డబ్బు వాటిని అందుకున్నాకే ఇవ్వండి. షూట్ చేసిన ఫుటేజీ మూడు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి, రెండు వేర్వేరు ఊళ్ళలో. ఒకటి మీ కొట్టు బీరువాలో.

హైదరాబాద్‌కి కాపురం మార్చడం ఇప్పుడొద్దు. పోస్ట్ ప్రొడక్షన్‌కి మూడు నెలలు గది అద్దెకి తీసుకుంటే చాలు. తెలుగు సినిమాయే మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ చేరడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది, మీరేం ఆలస్యమైపోలేదు. కొట్టు మూసెయ్యకండి. నెల నెలా వచ్చే ఆ ఆదాయం ఉంటేనే ఫైనాన్షియర్ గుమ్మం తొక్కకుండా ఉండగలరు.

మీ ఆవిడ ‘ససేమిరా’ దేనికో విడమర్చి అడిగారా? సినిమాకా, 90 లక్షల అప్పుకా? అప్పుకే అయితే ఆమె లెక్క సరిగ్గానే ఉంది. సినిమా కంపెనీకి విడిగా కరెంటు ఖాతా తెరిచినప్పుడు, 50 వేలు దాటిన ప్రతి చెక్కుకీ రెండు సంతకాలు ఉండాలని బ్యాంకుకి రాసివ్వండి. ఒకటి మీది, రెండోది ఆమెది. సెట్లో అర్ధరాత్రి ఎవరైనా తక్షణం రెండు లక్షలు కావాలంటే, ‘పొద్దున్న ఇంటికి ఫోన్ చేసి చెప్తాను’ అనడానికి మీకు నిజమైన కారణం ఉంటుంది.